మరణించి మరల వచ్చిన రక్షకభటుడు

 

ఈ సాయంకాలము మీతో ముచ్చటించుటకు నేను గైకొన్న విషయము కొందఱకు స్వల్పముగా దోపవచ్చును. దూరదర్శనపు తెఱమీద వారమువారమును గానవచ్చు కథలలోని రక్షకభటులయెడ, అనగా పోలీసువారియెడ, చూచువారలకు గలుగు మమకారమే యా విషయము. కథలోని యొక కానిస్టేబులు తుపాకిగుండు తగిలి పడినచో దేశమంతయు నేల నిట్టూర్చును? చనిపోయిన పాత్రను మరల బ్రదికింపుడని పెద్దవారు సైత మేల యుత్తరములు వ్రాయుదురు? ఎన్నడును బుట్టనివానికొఱకు గార్చిన కన్నీరు నిజమైన కన్నీరేనా? కాదందురేని దానికా యుప్పదన మెక్కడినుండి వచ్చినది?

ఇది పిల్లలాటకు జెందిన ప్రశ్న కాదు. నేడు మన గ్రామములలో నెన్నియో యిండ్లయందు కొడుకు హైదరాబాదుననో, కూతురు అమెరికాలోనో యుండగా, వృద్ధదంపతు లిద్దఱే, ఒక్కొకచో నొక్కరే, మిగిలియున్నారు. దీపములు పెట్టినపిమ్మట వారి గడప ద్రొక్కు చుట్టము తెఱమీది మనుష్యుడే. ఆతని పేరు వారికి దెలియును. ఆతని కోపము తెలియును. ఆతని బిడ్డ పెండ్లి యెప్పుడో తెలియును. ఇట్టి బంధుత్వమును జూచి యువకులు నవ్వుట గలదు. నవ్వుటకు ముందు దాని చరిత్రను దెలిసికొనుట మేలు. ఆ చరిత్రలో నింగ్లండుదేశమునకు జెందిన యొక కల్పిత కానిస్టేబులు కథ ముఖ్యమైనది. దానినే నేడు విన్నవింపబూనితిని.

ముందుగా మన పూర్వులమాట యొక్కటి. ఎనిమిదవ శతాబ్దివాడగు భవభూతిమహాకవి తన యుత్తరరామచరితమున నీ ప్రశ్ననే రెండుమాఱులు మనముం దుంచెను. మొదటి యంకమున సీతారాములు తమ గతచరిత్రము వ్రాయబడిన చిత్తరువులను జూచుచుందురు. శూర్పణఖ బొమ్మను జూచి సీత బెదరును. ఇది చిత్రమేకదా యని రాముడామె నూఱడించును. ఊఱడించిన యా రాముడే కడపటి యంకమున వాల్మీకి యాడించిన నాటకమును జూచుచు, సీత పాట్లకు దాళలేక మూర్ఛిల్లును. ఇది నాటకమని లక్ష్మణుడు హెచ్చరింపవలసివచ్చెను. తెలిసినవాడు, ధీరుడు, రాజు. అట్టివానికే యా గతి పట్టగా సామాన్యులను దప్పుపట్టుట యేల? అది నాటకమని యెఱుగకపోవుటచే రాముడు మూర్ఛిల్లలేదు. ఎఱిగియు మూర్ఛిల్లెను. ఆ మర్మమును గుర్తింపుడు. మన విచారణకంతయు నదియే మూలస్తంభము.

ఆలంకారికులు దీనికి శాస్త్రము గూడ జెప్పియున్నారు. భరతముని నాట్యశాస్త్రమున శోకము స్థాయిభావముగాగల కరుణరసమును బేర్కొనెను. భట్టనాయకుడు సాధారణీకరణమను మాటతో, నాటకమందలి దుఃఖము ఫలానివానిది యను హద్దు గోల్పోయి యందఱిదియు నగునని వివరించెను. సుమారు వేయి సంవత్సరములక్రిందట కాశ్మీరమున నుండిన యభినవగుప్తుడు దానిని మఱింత పరిష్కరించెను. మన వీథినాటకములలోను, తోలుబొమ్మలాటలలోను చదువురానివారు సైతము దీని ననుభవమున నెఱిగినవారే. ద్రౌపది కొంగు లాగబడునప్పుడు దుశ్శాసనుని తిట్టినవారు, తెల్లవాఱగనే యా వేషధారికి చల్లపోసి యన్నము పెట్టినవారును నొక్కరే. తిట్టు దుశ్శాసనునికి, అన్నము వేషధారికి. రెండిటికిని గల భేదము వారి కెన్నడును దప్పిపోలేదు.

అయినను ప్రాచీననాటకమునకును, వర్తమానకాలపు వారపుకథకును నొక యంతర మున్నది. నాటకము రాత్రి ప్రారంభమై తెల్లవాఱుసరికి ముగియును. వారపుకథ సంవత్సరములతరబడి ముగియదు. ఈ మార్పుయొక్క తొలిఫలము ఇంగ్లండులో 1893 సంవత్సరాంతమున గనబడెను. ఆర్థర్ కానన్ డాయిల్ అను వైద్యుడు స్ట్రాండు పత్రికలో షెర్లాక్ హోమ్స్ అను నపరాధపరిశోధకుని కథలను వ్రాయుచుండెను. వ్రాసివ్రాసి విసిగి, స్విట్జర్లండునందలి రైఖెన్‌బాఖ్ జలపాతమున నా పాత్రను బడద్రోసి, ఆ సంవత్సరము డిసెంబరు సంచికలో వాని కథ ముగించెను. పాఠకులు పెక్కండ్రు పత్రికకు చందా మానివేసిరి. నిందాపూర్ణములగు లేఖలు రచయితకు జేరెను. ఎనిమిది సంవత్సరముల యనంతరము, 1901లో, మృతికి బూర్వము జరిగినట్లుగా నొక కథ వ్రాసి యాతడు కొంత దిగివచ్చెను. 1903లో హోమ్స్ చావనేలేదని వ్రాసి పూర్తిగా లొంగిపోయెను. పాత్రపై సృష్టికర్తకంటె చదువరికే యెక్కువ హక్కు గలదనిపించిన సంగతు లిట్టివి. బేకర్‌వీథిలోని యా కల్పితపు టింటిసంఖ్యకు హోమ్సుపేర దశాబ్దములపాటు ఉత్తరములు వచ్చుచుండగా, అచ్చటి యొక సంస్థ ప్రత్యుత్తరము లిచ్చుట కొక యుద్యోగిని నియమింపవలసివచ్చెను.

హోమ్సు ప్రభుత్వోద్యోగి కాడు. అతని కథలలో పోలీసువారు తఱచుగా మందబుద్ధులు. సామాన్యుడగు కానిస్టేబులును జనులు తమ యింటివానినిగా బ్రేమించుటకు మఱియొక యర్ధశతాబ్దము పట్టినది.

లండనుమహానగరపు పోలీసుశాఖ 1829లో రాబర్ట్ పీల్ మంత్రిత్వమున నేర్పడెను. సైన్యమునకు భిన్నముగా గనుపించుటకై వారికి నీలివర్ణపు దుస్తు లిచ్చిరి. సాధారణముగా తుపాకి యిచ్చువారు కారు. ఠాణాల ద్వారములయెదుట నీలిదీపము వ్రేలాడదీయు నాచారము 1861లో మొదలైనది. రాత్రివేళ ఆపద కలిగినవానికి ఠాణా యెచ్చటనో తెలుపునట్టి గుఱుతది. ఆ దీపమే పేరుగా ‘ది బ్లూ లాంప్’ అను చలనచిత్రము 1950 జనవరిలో వెలువడెను. ఈలింగ్ స్టూడియోవారు నిర్మించిరి; బేసిల్ డియర్డన్ దర్శకుడు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసి యైదేండ్లయినను నిండలేదు. బాంబుల దెబ్బకు గూలిన యిండ్ల శిథిలములు వీథులలో నింకను నుండెను. యుద్ధకాలమున దిక్కులేక పెరిగిన కుఱ్ఱవాండ్రు కొందఱు తుపాకులు పట్టి దోపిళ్లకు దిగుచున్నారను భయము జనులలో నుండెను. ఆ భయమునకు సమాధానముగా వచ్చిన చిత్రమది.

అందు జార్జి డిక్సన్ అను వృద్ధ కానిస్టేబులు గలడు. ఉద్యోగవిరమణకు దగ్గఱపడినవాడు, యుద్ధమున కొడుకును బోగొట్టుకొన్నవాడు. క్రొత్తగా జేరిన యొక యువకభటునికి తన యింట నీడ యిచ్చి, భార్యాభర్త లిద్దఱును వానియందు పోయిన కొడుకును జూచుకొనుచుందురు. కథ నడుమ, ఒక సినీమాశాలలో దోపిడి జరుగుచుండగా, డిక్సను ఆయుధ మేమియు లేక దొంగ కెదురు నడచును. ఆ దొంగ పిఱికితనమున బెదరి తుపాకి ప్రేల్చును. డిక్సను ఆస్పత్రిలో మరణించును. ఆ వార్త విన్న భార్య గుండెలు బాదుకొనదు, చేతిలోని పూలను నీటిలో నుంచవలెనని మాత్ర మనును. పిమ్మట నా హంతకుని బట్టుటకు పోలీసులకు దోడుగా నగరమందలి జూదరులు సైతము చేతులు గలుపుదురు. కడపటి దృశ్యమున పందెపుకుక్కల మైదానములో జనసమ్మర్దమే వాని కుచ్చుగా బిగియును. డిక్సను పాత్రను ధరించినవాడు జాక్ వార్నర్.

కథాన్యాయముచే డిక్సను చరిత్ర యింతటితో ముగిసినది. కాని ప్రజల హృదయన్యాయము వేఱు. ఆ చిత్రపు మూలకథ నల్లినవారిలో నొకడగు టెడ్ విల్లిస్, చనిపోయిన డిక్సనునే నాయకునిగా జేసి బి.బి.సి. దూరదర్శనమునకు క్రొత్తకథల నారంభించెను. 1955 జులై 9వ తేదీన ‘డిక్సన్ ఆఫ్ డాక్ గ్రీన్’ తొలిభాగము ప్రసార మయ్యెను. పాత్రధారి యా జాక్ వార్నరే. చనిపోయినవాడెట్లు వచ్చెనని యొక మాటయైనను సంజాయిషీ లేదు. ఎవ్వరును నడుగలేదు. ఇంటివాడు ప్రయాణమునుండి తిరిగివచ్చినట్లు జనులాతని లోనికి బిలుచుకొనిరి. ఈసారి యాతడు భార్య గతించినవాడు. మేరీ యను కూతురు గలవాడు. ఆ కూతు నాండీ క్రాఫర్డ్ అను యువకభటునకిచ్చి పెండ్లి చేసెను. మేరీ వేషము ధరించిన నటి నడుమ మాఱినను చూపరులు మేరీని మార్చుకొనలేదు.

ఆ కథాక్రమము 1976 వఱకు, ఇరువదియొక్క సంవత్సరములు నడచెను. మొత్తము భాగములు 432. 1961 ప్రాంతమున దానిని జూచువారు 1 కోటి 30 లక్షలకు మించిరి. ప్రారంభమున జాక్ వార్నరు వయస్సు 59, ముగింపునాటికి 80. ఎనుబదియేండ్ల పోలీసువాడు లోకమున నెచ్చటను లేడని యెల్లవారును నెఱుగుదురు. అయినను బొమ్మని యనలేదు. కడపటిదినములలో నతనిని ఠాణాలో కాగితములు చూచుకొనువానినిగా కూర్చుండబెట్టిరి. మనయిండ్లలో తాతగారి మంచమును వసారాలోనికి మార్చినట్లు మార్చిరేగాని వీథిలోనికి బంపలేదు.

ఇంతటి మమకారమునకు గారణములేమి? నాకు నాలుగు తోచుచున్నవి. మొదటిది కాలనియమము. శనివారపు సాయంకాలమున నాతడు తప్పక వచ్చును. వచ్చెదనని చెప్పి రాని చుట్టములకంటె చెప్పినవేళకు వచ్చు బొమ్మ నయమని యొంటరివారి కనిపించుట సహజము. రెండవది సహవార్ధకము. అతడును మనతోపాటే ముసలివాడయ్యెను. మన తల నెరిసినట్లే యాతని తలయు నెరిసెను. రాముడుగాని హోమ్సుగాని మనతో ముదియలేదు. మూడవది గృహస్థధర్మము. ఆతడు దొంగలను బట్టుటకంటె, తగవులు దీర్చుటయు, దారితప్పిన కుఱ్ఱవానిని మందలించుటయు, కూతును గూర్చి చింతించుటయు నెక్కువ. నాలుగవది యన్నిటికంటె ముఖ్యమైనది. ప్రతిభాగపు మొదటను చివరను డిక్సను నీలిదీపముక్రింద నిలిచి, చేయెత్తి వందనము చేసి, నేరుగా చూపరుల కన్నులలోనికి జూచి మాటలాడును. అందఱకు శుభసాయంకాలమని పలుకరించి, నేటి కథయందలి నీతి చెప్పి, సెలవు పుచ్చుకొనును. గదిలో నొంటరిగా గూర్చున్నవానికి ఆ పలుకరింపు తనకే యని తోచును. బదులు పలికినవారును గలరన్నచో వింత యేమి?

ఆశ్చర్యమేమనగా, డిక్సను తెఱమీదికి వచ్చిన మఱుసటియేడే, 1956లో, అమెరికాదేశమున డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అను నిద్దఱు విద్వాంసులు ఇట్టి బంధమును గూర్చి యొక వ్యాసము ప్రకటించిరి. వారికి డిక్సనుతో బని లేదు. తమదేశపు రేడియో, దూరదర్శనముల వ్యాఖ్యాతలను జూచి వ్రాసిరి. తెఱమీదివాడు మనతో ముఖాముఖి మాటలాడునట్లు నటించును, మనమును స్నేహమునట్లే స్పందింతుము. కాని యా స్నేహ మేకపక్షము, వానికి మన మెవరమో తెలియదు. ఇది వారి సిద్ధాంతసారము. దీనిని వారు రోగమనలేదు. అధికసంఖ్యాకులకిది సహజమైన వినోదమనియు, నిజమైన బంధుమిత్రులు లేనివానికి మాత్ర మది వారికి మాఱుగా నిలుచు ప్రమాదము గలదనియు హెచ్చరించిరి. భవభూతి చూపినదానినే వీరు మఱియొకవైపునుండి చూచిరి. రాముని ప్రక్కన, ఇది నాటకమని చెప్పుటకు లక్ష్మణు డుండెను. ప్రక్కన లక్ష్మణుడు లేని ప్రేక్షకుని గతియేమి? అదియే వారి చింత.

ఇక రెండవ ప్రమాదమును జూతము. రామునియెడ భక్తి గలిగినచో రాముడే ఫలము పొందును. కాని పోలీసుకథయందలి భటునియెడ గలిగిన ప్రేమ, తెఱను దాటి, నిజమైన ఠాణామీద గూడ బ్రసరించును. బొమ్మ సంపాదించిన గౌరవమును మనుష్యుడు ఖర్చుపెట్టుకొనును. డిక్సను నవ్వుచు వందనము చేయుచున్న దినములలోనే యింగ్లండులో పోలీసువారి నడవడినిగూర్చి ఫిర్యాదులు పెరిగెను. 1960లో దానినిగూర్చి రాజనియుక్తసంఘ మేర్పడెను. 1962లో నివేదిక యిచ్చెను. 1963 జులైలో గ్రీసుదేశపు రాణి లండనునకు వచ్చినపుడు కొందఱు నిరసనము తెలిపిరి. హెరాల్డ్ చాలెనర్ అను పోలీసు సార్జంటు వారిలో నొక చిత్రకారుని బట్టి, వాని జేబులో నిటుకముక్క దొరకినదని నేరము మోపెను. ఆ చిత్రకారుడు బుద్ధిమంతుడై, తన కోటును న్యాయవాదిద్వారా పరీక్షింపజేసెను. జేబులో నిటుకధూళి యించుకయైనను లేదని తేలినది. నేరము కొట్టివేయబడినది. 1964లో చాలెనరును, మువ్వురు కానిస్టేబుళ్లును విచారణకు దేబడిరి. చాలెనరు మతిచలించినవాడని న్యాయస్థానము తేల్చెను. తక్కినవారికి చెఱసాల విధింపబడెను.

వినుడు, ఆలోచింపుడు. ఆ చిత్రకారుని జేబునందు ఇటుకముక్క దొరకినదని పోలీసువాడు చెప్పినపుడు, పోలీసువాడబద్ధమాడునా యని సాధారణజనులకు దోచుట సహజము కాదా? డిక్సనంతటివా డబద్ధమాడునా యని వారి హృదయము పలుకదా? ఇచ్చటనే మమకారము న్యాయమునకు అడ్డుపడును. ధూళి సాక్ష్యము చెప్పకున్నచో నొక నిర్దోషి చెఱసాల కేగవలసినవాడే.

ఆ దేశపు రచయితలు కొందఱు దీనిని గ్రహించిరి. 1962 జనవరిలో బి.బి.సి.వారే ‘జడ్ కార్స్’ అను మఱియొక పోలీసుకథ నారంభించిరి. తొలిభాగముననే యొక కానిస్టేబులు భార్యముఖమున కమిలినకన్ను గనబడును, కొట్టినవాడు భర్తయే. పోలీసువాడును కోపతాపములుగల మనుష్యుడేయని చూపదలచిరి. నిజమైన పోలీసులలో గొంద ఱది తమ కపకీర్తి యని నొచ్చుకొనిరి. జనులు మాత్ర మా కఠినులను గూడ బ్రేమించిరి! అందులోని బార్లో అను పెడసరపు టధికారియు, వాట్ అను వాని సహాయకుడును వేఱువేఱు కథలలో నింకను పెక్కేండ్లు నిలిచిరి. 1973లో మఱింత విచిత్రము జరిగెను. 1888లో లండనున జరిగిన నిజమైన స్త్రీహత్యలను, హంతకుడు నేటికిని దెలియనివానిని, మరల విచారించు కార్యక్రమ మొకటి బి.బి.సి. తయారుచేసెను. విచారించువారు చరిత్రకారులు కారు, కల్పితపాత్రలగు బార్లో, వాట్‌లే! ప్రజలు కాగితములనుగాని పండితులనుగాని నమ్మినదానికంటె తమకు బరిచితులగు బొమ్మల నెక్కువగా నమ్ముదురని యా సంస్థవారు కనిపెట్టిరి కాబోలు.

ఇప్పుడు మనదేశమువైపు తిరుగుదము. నీలిదీపము లండనున వెలిగిన 1861 సంవత్సరముననే యిచ్చట భారతీయ పోలీసు చట్టము పుట్టినది. మదరాసు రాజధానికి, అందలి మన తెలుగు జిల్లాలకును, 1859లోనే ప్రత్యేకచట్టము వచ్చియుండెను. ఒకే ప్రభుత్వము చేసిన రెండు పనులలో నెంత భేదము! అచ్చట పోలీసువాడు పౌరుల సేవకుడని చెప్పిరి. ఇచ్చట 1857 తిరుగుబాటు కనుల కట్టియుండగా, పాలితులను అదుపులో నుంచు నైర్లండు పద్ధతిని దెచ్చిరి. కనుకనే యింగ్లీషువాడు డిక్సనును జూచి తన తాతను దలచుకొనెను. మన పల్లెవాడు పోలీసుటోపీ కనబడినచో వాకిలి మూసికొనెను. ఠాణామెట్టు, ఆస్పత్రిమెట్టు ఎక్కకుండ జచ్చినవాడు పుణ్యాత్ముడని మన పెద్దలనుట యూరక పుట్టినమాట కాదు.

మన పల్లెలకు దూరదర్శనము వచ్చుటయు డిక్సను సెలవు పుచ్చుకొనుటయు నించుమించుగా నొకేకాలమున జరిగినవి. 1975 ఆగస్టునుండి యొక సంవత్సరము, అమెరికావారి యుపగ్రహము సహాయమున, ఆంధ్రప్రదేశముతో గూడ నాఱు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు ప్రసారములు ప్రయోగముగా నందెను. 1977లో హైదరాబాదు దూరదర్శనకేంద్ర మేర్పడెను. అటుపిమ్మట 1989లో దూరదర్శనమువారు ‘ఉడాన్’ అను హిందీకథను బ్రసారముచేసిరి. కల్యాణి యను కన్య యన్యాయమునకు దల యొగ్గక చదివి పోలీసు టధికారిణి యగుట యందలి కథ. దానిని వ్రాసి, దర్శకత్వము వహించి, కల్యాణివేషము ధరించినది కవితా చౌధరి. కథకు మూలమామె సహోదరి కాంచన్ చౌధరి భట్టాచార్య. ఆమె నిజముగా పోలీసుశాఖలో బనిచేసి 2004లో ఉత్తరాఖండమున, దేశముననే యొక రాష్ట్రపోలీసుశాఖకు సర్వాధికారిణి యైన తొలిమహిళ యయ్యెను. ఆ కల్యాణిని బ్రేమించిన బాలికలు కొందఱు ఖాకీదుస్తుల గోరుకొనిరి. ఇచ్చట మమకారము కన్నీటితో నాగలేదు, కాలు కదపినది.

పిమ్మట 1998 జనవరినుండి 2018 అక్టోబరువఱకు ఇరువదియేండ్లు నడచిన ‘సి.ఐ.డి.’ యను కథను మీలో బెక్కండ్రు మనుమలతో గూర్చుండి చూచియుందురు. శివాజీ సాటమ్ ధరించిన ప్రద్యుమ్నుని పాత్రయు, తలుపులు విఱుగగొట్టు దయా పాత్రయు హిందీ రానివారి యిండ్లలో సైతము పేరుపెట్టి పిలువబడెను. అందు ఫ్రెడరిక్సు పాత్రధారియగు దినేశ్ ఫడ్నిస్ 2023లో మరణించినపుడు, జనులు నటుని పేరుకంటె ముందు పాత్ర పేరే తలచుకొని దుఃఖించిరి. 2024 డిసెంబరులో నా కథ మరల మొదలయ్యెను. డిక్సను వలెనే, మరల తలుపు తట్టినవారిని జను లెవరని యడుగలేదు.

అట్లయిన నీ మమకారము మంచిదా, చెడ్డదా? నా తీర్పు మూడు మాటలలో జెప్పెదను. కన్నీరు సిగ్గుపడదగినది కాదు. లేనివానికొఱకు గరగు హృదయమే యున్నవానికొఱకును గరగును. గట్టిపడిన గుండెకు రెండును దెలియవు. కనుక ముసలమ్మ తెఱమీది పోలీసువానికై కనులు తుడుచుకొన్నచో మనుమలు నవ్వరాదు. ఇది మొదటిమాట.

తెఱమీది స్నేహము నిజమైన స్నేహమున కుపదంశము కావలెనేకాని భోజనము కారాదు. ఆవకాయ యెంత రుచియైనను నన్నమునకు బదులు రాదుగదా! మీ వీథిలో నొంటరిగా గూర్చుండి కథ చూచువా రెవరైన నున్నచో, ప్రక్కన గూర్చుండి, వారితో నా కథనుగూర్చియే రెండుమాటలాడుడు. రాముని ప్రక్కన లక్ష్మణుడు చేసినపని యదియే. దూరదేశముననున్న బిడ్డలారా! ఈ మాట మీ చెవిని బడినచో, ఫోనుచేసినప్పుడు మీ తల్లి చూచు కథలో నేమైనదని యడుగుడు. ఆమె యేకపక్షముగా బ్రేమించినదానిలో మీరును బాలుపంచుకొన్నచో నది యేకపక్షము గాకపోవును. ఇది రెండవమాట.

బొమ్మను బ్రేమింపుడు, కాని దానిని కొలబద్దగా జేసికొనుడు, ముసుగుగా జేసికొనకుడు. డిక్సను దయాళువు గనుక పోలీసువారందఱు దయాళువు లనుకొనుట ముసుగు. డిక్సను దయాళువుగా నుండగలిగినచో మా ఠాణాలోనివా రేల యుండరాదని యడుగుట కొలబద్ద. నేటికి నింగ్లండులో, కాలినడకను వీథులు తిరుగుచు, ఇంటింటివారిని బేరుపెట్టి పిలుచు పోలీసువానినిగూర్చి మాటవచ్చినపుడు డిక్సను పేరు తలచుదురు. కొంద ఱాశతోను, కొందఱు పరిహాసముతోను తలతురుగాని తలవకుండ నుండలేరు. పుట్టనివాడొక డట్లు పుట్టినవారికి ధర్మపీఠమైనాడు. ఇది మూడవమాట.

ఆ 432 భాగములలో మిక్కిలి యెక్కువభాగము నేడు లభింపవు. ఆ దినములలో ప్రసారములను భద్రపఱచు నాచారము తక్కువ. భద్రపఱచినవానిని గూడ దుడిచివేసిరి. కాని చూచినవారి మనస్సులనుండి తుడుచుట కెవరికిని శక్తి లేకపోయెను. జాక్ వార్నరు 1981లో తన 85వ యేట గతించెను. ఆతని శవపేటికను భుజముల మోసినవారు పాడింగ్టన్ గ్రీన్ ఠాణాలోని నిజమైన పోలీసులు. డిక్సను తొలిచిత్రమును దీసినది యా వీథులలోనే. ఆతడు పోలీసు కాడని మోసినవారికి దెలియును. తెలిసియే మోసిరి. నాటకమని యెఱిగియు మూర్ఛిల్లిన రామునివలె, నటుడని యెఱిగియు దమవానినిగా సాగనంపిరి. అట్లు సాగనంపిన మఱునాడు వారు వీథిలో నెట్లు నడచుకొనిరో, ఆ నడకయే యాతనికి నిజమైన శ్రాద్ధము.